అడిగి రాసిన చరిత్ర: ఐకిడో పరిశోధకుడు స్టాన్లీ ప్రానిన్

మన హాస్టల్లో కరాటే పిచ్చి లేని బ్యాచ్ ఒక్కటి కూడా లేదు. భానుచందర్, సుమన్‌ల సినిమాలు చూసొచ్చి, మెస్ వెనకాల పెంకులు పగలగొట్టబోయి చేతులు వాచిపోయిన సీనియర్లు ఇప్పుడు పెద్ద పెద్ద ఉద్యోగాల్లో ఉన్నారు. ట్రంకుపెట్టె మూత లోపలివైపు బ్రూస్‌లీ బొమ్మ అంటించుకున్నవాళ్ళు ప్రతి గదిలోనూ ఒకరైనా ఉండేవారు. అందుచేత ఈ వార్షికోత్సవ సంచికలో యుద్ధవిద్యల మీద ఒక వ్యాసం ఉండాలి అనుకున్నప్పుడు, ఎవరో ఒక వీరుడి గురించి రాస్తామనే అందరూ ఎదురుచూశారు. మేము ఎంచుకున్నది ఒక పత్రికా సంపాదకుణ్ణి. ఆయన పేరు స్టాన్లీ ప్రానిన్. అమెరికా దేశస్థుడు. ఐకిడో నేర్చుకున్నారు, నేర్పించారు. అయితే లోకం ఆయన్ని గుర్తుపెట్టుకున్నది ఆయన అడిగిన ప్రశ్నల వల్ల. ఆ ప్రశ్నలకు కొందరు సంతోషించారు, కొందరు ముఖం ముడుచుకున్నారు. ఆయన అడగడం మాత్రం మానలేదు.

ముందు ఐకిడో అంటే ఏమిటో రెండు మాటలు. డబ్బింగ్ సినిమాల్లో స్టీవెన్ సీగల్‌ను చూసినవాళ్ళకు కొంత అర్థమై ఉంటుంది. ఎదుటివాడు చెయ్యి పట్టుకుంటాడు, లేదా గుద్దడానికి వస్తాడు. ఐకిడో చేసేవాడు ఎదురు గుద్దడు. పక్కకు ఒక అడుగు వేసి, వచ్చినవాడి మణికట్టునో మోచేతినో పట్టి, వాడు వచ్చిన ఊపులోనే తిప్పి నేల మీద పడేస్తాడు. ఇందులో చాలా శాఖల్లో పోటీలు ఉండవు, పతకాలు ఉండవు. ఇద్దరు జతగా నిలబడి, ఒకరు దాడి చేసేవారు, ఒకరు పడేసేవారుగా, వంతులు మార్చుకుంటూ సాధన చేస్తారు. దీన్ని రూపొందించిన వ్యక్తి జపాన్‌కు చెందిన మోరిహెయ్ ఉయెషిబా. 1883లో తనాబె అనే ఊళ్ళో పుట్టి, 1969 ఏప్రిల్ 26న చనిపోయారు. శిష్యులు ఆయన్ని 'ఓ-సెన్సెయ్' అంటారు. మన భాషలో మహాగురువు అనుకోవచ్చు.

ప్రానిన్ 1945 జూలైలో పుట్టారు. 1962లో, ఇంకా హైస్కూలు వయసులో ఉండగానే, కాలిఫోర్నియాలో ఐకిడో మొదలుపెట్టారు. నేర్చుకునేకొద్దీ ఈ విద్యను కనిపెట్టిన మనిషిని చూడాలన్న కోరిక పెరిగింది. తీరా ఆయన మొదటిసారి జపాన్ వెళ్ళింది 1969 ఎండాకాలంలో. ఉయెషిబా అప్పటికి కొద్ది నెలల క్రితమే కన్నుమూశారు. తరువాత నలభై ఏళ్ళకు పైగా ఏ మనిషి జీవితాన్ని తవ్వి తీశారో ఆ మనిషిని ప్రానిన్ ఒక్కసారి కూడా కళ్ళారా చూడలేదు. మాకు ఈ సంగతి చదివినప్పుడు అయ్యో అనిపించింది. కానీ ఆలోచిస్తే అదే మంచిదైందేమో. చూసి, కాళ్ళకు మొక్కి, ఆశీర్వాదం తీసుకుని ఉంటే అన్ని ప్రశ్నలు అడగబుద్ధి అయ్యేది కాదేమో.

1974 ఏప్రిల్లో ఆయన కాలిఫోర్నియాలో 'ఐకి న్యూస్' అనే చిన్న పత్రిక మొదలుపెట్టారు. అప్పటికి ఐకిడో గురించి ఇంగ్లీషులో ఉన్న పుస్తకాలు కొద్ది. వాటిలోనూ పట్లు ఎలా వేయాలో చెప్పేవే ఎక్కువ. ఉయెషిబా ఎక్కడ ఏం నేర్చుకున్నారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఎప్పుడు ఏం మార్చారు అన్న చోటికి వచ్చేసరికి మహిమలు, అద్భుతాలు మొదలయ్యేవి. తేదీలు ఉండేవి కావు. ఉన్నా ఒక పుస్తకానికీ మరో పుస్తకానికీ పొంతన ఉండేది కాదు. ప్రానిన్‌కు ఇది మింగుడుపడలేదు. ఇక్కడ కూర్చుని తెలుసుకోవడం కుదరదని తేల్చుకుని, 1977లో మకాం జపాన్‌కు మార్చారు. దాదాపు ఇరవై ఏళ్ళు అక్కడే ఉన్నారు. జపనీస్ భాషలో ముసలివాళ్ళతో కూర్చుని మాట్లాడగలిగే స్థాయికి వచ్చారు. పత్రికను ఇంగ్లీషు, జపనీస్ రెండు భాషల్లోనూ తెచ్చారు. ఇది కొంచెం ఆగి ఆలోచించవలసిన విషయం. జపాన్ వాళ్ళ విద్య గురించి ఒక అమెరికావాడు వెతికి రాస్తుంటే జపాన్ వాళ్ళు తమ భాషలో చదువుకున్నారు.

టేపురికార్డరుతో గడప గడపకూ

ఆయన పని చేసిన తీరు చాలా మామూలుగా కనిపిస్తుంది. ఉయెషిబా దగ్గర రెండో ప్రపంచయుద్ధానికి ముందు నేర్చుకున్నవాళ్ళు ఎవరెవరున్నారు? 1930 ప్రాంతాల్లో ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళు 1970లు ముగిసేసరికి డెబ్భైకి దగ్గరపడ్డారు. కొందరు ఎనభై దాటారు. కొందరు సొంత శాఖలు పెట్టి పేరు తెచ్చుకున్నారు. గోజో షియోదా యోషిన్‌కాన్ శాఖకు, మినోరు మోచిజుకి యోసెయ్‌కాన్‌కు పెద్దలు. మరికొందరు ఎప్పుడో సాధన వదిలేసి, ఎవరికీ గుర్తులేకుండా ఇంటి దగ్గర ఉన్నారు. ప్రానిన్ ఇద్దరి దగ్గరికీ వెళ్ళారు. పాత ఫోటోలు చూపించమనేవారు. ఫోటోలో మీ పక్కన ఉన్నది ఎవరు, ఇది ఏ సంవత్సరం, ఈ గది ఎక్కడిది అని అడిగేవారు. ఒకరు చెప్పింది మరొకరి ముందు పెట్టి సరిచూసుకునేవారు. ఇద్దరి మాటా కలవకపోతే కాగితం కోసం వెతికేవారు.

పేరున్నవాళ్ళకన్నా పేరులేనివాళ్ళ దగ్గర ఆయనకు దొరికింది ఎక్కువ అని మాకు అనిపిస్తుంది. పేరున్న గురువుకు తన శాఖ గౌరవం చూసుకోవాలి. సాధన మానేసిన మనిషికి ఆ అవసరం లేదు. టకాకో కునిగోషి అనే మహిళ సంగతే చూడండి. 1930ల్లో ఉయెషిబా శిక్షణాలయంలో ఆడవాళ్ళు అరుదు. ఆమె అక్కడ మగవాళ్ళతో సమంగా సాధన చేసింది. అప్పట్లో వచ్చిన 'బుదో రెన్షు' అనే శిక్షణ పుస్తకంలోని బొమ్మలన్నీ ఆమె గీసినవే. ఆమెను వెతికి పట్టుకుని, ఆ రోజుల కబుర్లు ఆమె నోటితోనే చెప్పించి అచ్చువేసింది ప్రానిన్.

ఇలాంటి ముఖాముఖీలన్నీ కలిపి 1993లో 'ఐకిడో మాస్టర్స్' అనే పుస్తకంగా వచ్చాయి. అంతకుముందే 1991లో ఐకిడో విజ్ఞాన సర్వస్వం ఒకటి తెచ్చారు. అవి ఇప్పటికీ ఐకిడో చరిత్ర చదివేవాళ్ళకు మొదటి పుస్తకాలు.

ఆయన ఎంత సమయానికి వెళ్ళారో తెలియాలంటే టకుమా హిసా గారి సంగతి చెప్పాలి. హిసా 1895లో పుట్టారు. ఒసాకాలో అసాహి పత్రిక కార్యాలయంలో పనిచేసేవారు. 1930ల్లో జపాన్‌లో రాజకీయ హత్యలు, పత్రికల మీద బెదిరింపులు మామూలైపోయిన కాలంలో, కార్యాలయం కాపలాకు ఉపయోగపడుతుందని ఉయెషిబాను పిలిపించి అక్కడి ఉద్యోగులకు విద్య నేర్పించారు. ఈ ఉద్యోగులు ఎంతైనా పత్రికవాళ్ళు కదా, ఒక తెలివైన పని చేశారు. గురువుగారు నేర్పి వెళ్ళగానే, మరిచిపోకముందే, అదే పట్టును మళ్ళీ వేసి ఫోటో తీసుకునేవారు. అలా తీసిన వందల ఫోటోలు సంపుటాలుగా మిగిలాయి.

1936లో ఒకరోజు ఒక పొట్టి ముసలాయన చెప్పాపెట్టకుండా ఆ పత్రిక కార్యాలయానికి వచ్చాడు. నేను సొకాకు టకెడాను, మీకు నేర్పుతున్న ఉయెషిబాకు గురువును అన్నాడు. హిసా వెళ్ళి ఉయెషిబాకు కబురు చెప్పారు. తన గురువు వచ్చాడంటే ఉయెషిబా ఎదురేగి నమస్కరిస్తాడని హిసా అనుకున్నారు. ఉయెషిబా గురువును కలవకుండానే ఒసాకా విడిచి వెళ్ళిపోయారు. ఆ తరువాత అక్కడివాళ్ళు టకెడా దగ్గరే నేర్చుకున్నారు. పై ఫోటోల సంపుటాల్లో మొదటివి ఉయెషిబా నేర్పినవి, తరువాతివి టకెడా నేర్పినవి. ఇదంతా హిసా ఎనభై దాటిన వయసులో చెప్పిన మాట. 1980లో హిసా చనిపోయారు. రెండు మూడేళ్ళు ఆలస్యమైతే చెప్పేవాళ్ళు ఉండేవారు కాదు.

ఆ పత్రిక కార్యాలయంలోనే 1935లో ఉయెషిబా సాధనను చలనచిత్రంగా తీశారు. 1979లో ప్రానిన్ దాన్ని వెలికితీశారు. యుద్ధానికి ముందు ఉయెషిబా ఎలా కదిలేవారో కదిలే బొమ్మల్లో చూడగలిగేది అందులోనే. గడ్డం నెరిసిన తాతయ్యగానే ఆయన్ని ఫోటోల్లో చూసినవాళ్ళు, యాభై ఒకటేళ్ళ దిట్టమైన మనిషి మెరుపులా తిరగడం చూసి నోరు వెళ్ళబెట్టారు.

ఇవామాకు తీసుకెళ్ళిన పుస్తకం

మాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టం ఇది. కొంచెం వెనక్కి వెళ్ళి చెప్పాలి.

యుద్ధకాలంలో, 1942లో ఉయెషిబా టోక్యో వదిలి ఇవామా అనే పల్లెకు వెళ్ళిపోయారు. అక్కడ పొలం పని చేసుకుంటూ, సాధన చేసుకుంటూ ఉన్నారు. 1946లో ఆ ఊరి కుర్రాడు మొరిహిరో సైతో ఆయన దగ్గర చేరాడు. సైతో రైల్వేలో ఉద్యోగి. ఒకరోజు డ్యూటీ, ఒకరోజు విశ్రాంతి. ఆ విశ్రాంతి రోజంతా గురువుగారి పొలంలో పని, గురువుగారి దగ్గర విద్య. మిగతా శిష్యులు వచ్చి వెళ్తుంటే, సైతో మాత్రం గురువు చనిపోయేదాకా, 1969 వరకు అక్కడే ఉన్నారు. ఆయన భార్య కూడా గురువుగారి ఇంటిపని చూసింది.

అయితే సైతో నేర్పే పద్ధతికీ, టోక్యో ప్రధాన కేంద్రంలో నేర్పే పద్ధతికీ తేడా ఉండేది. టోక్యోలో కదలికలు ధారగా, గుండ్రంగా సాగేవి. సైతో ముందు గట్టిగా పట్టుకోనిచ్చి, ఒక్కొక్క మెట్టుగా, నిలకడగా నేర్పేవారు. గురువుగారు నాకు ఇలాగే నేర్పారు, నేను ఒక్క ముక్క మార్చలేదు అనేవారు. ఇది నీ సొంత కల్పన అనేవాళ్ళూ ఉండేవారు. గురువు పోయాడు. సాక్ష్యం ఎవరు చెబుతారు?

1981లో ప్రానిన్, జెంజబురో అకజావా అనే పాత శిష్యుణ్ణి కలిశారు. మాటల మధ్యలో ఆయన ఒక పాత పుస్తకం తెచ్చి చూపించారు. 1938లో వేసిన 'బుదో' అనే శిక్షణ పుస్తకం. కొద్దిమందికి మాత్రమే ఇచ్చింది. అందులో పట్లు వేసి చూపించింది స్వయంగా ఉయెషిబానే. ప్రానిన్ ఇవామాలో సైతో దగ్గర నేర్చుకుంటున్న మనిషి. వెంటనే ఆ పుస్తకం సంగతి ఆయనకు అందించారు. ముప్ఫై అయిదేళ్ళుగా ఉయెషిబా విద్యలో ఉన్న సైతో, అలాంటి పుస్తకం ఒకటి ఉందని అప్పటిదాకా ఎరగరు.

పేజీలు తిప్పి చూస్తే, సైతో ఇవామాలో నేర్పుతున్నవీ పుస్తకంలో ఉన్నవీ ఒక్కటే. కాలు పెట్టే చోటు, చెయ్యి పట్టే కోణం అన్నీ కలిశాయి. అప్పటినుంచి సైతో ఎక్కడ క్లాసు చెప్పినా ఆ పుస్తకం చేతిలో ఉండేది. ఒక పట్టు వేసి చూపించి, వెంటనే పేజీ తీసి ఇదిగో చూడండి అని అందరికీ తిప్పి చూపించేవారట. 2002లో ఆయన చనిపోయారు. చెప్పేవాడి మాట ఎవరూ నమ్మనప్పుడు ఒక అచ్చు కాగితం ఎంత బలం ఇస్తుందో ఆఫీసుల చుట్టూ కుల ధ్రువీకరణ పత్రం కోసం, టీసీ కోసం తిరిగిన మనకు వేరే చెప్పక్కర్లేదు.

గురువు పేరు ఎక్కడ పోయింది?

ఇప్పుడు అసలు చిక్కు ప్రశ్న. పైన ఒసాకాకు వచ్చిన ముసలాయన ఎవరు? ఆయన విద్య ఏమిటి? ఉయెషిబా ఆయన్ని ఎందుకు తప్పించుకున్నారు?

సొకాకు టకెడా 1859లో ఐజు ప్రాంతంలో, సమురాయి కుటుంబంలో పుట్టారు. ఆయన నేర్పిన విద్య పేరు దైతో-ర్యూ. ఒకచోట శిక్షణాలయం పెట్టుకుని కూర్చోకుండా, దేశమంతా తిరుగుతూ పదేసి రోజుల చొప్పున క్లాసులు చెప్పేవారు. పోలీసులు, న్యాయాధికారులు ఆయన శిష్యులు. కోపిష్టి అనీ, ఎవర్నీ నమ్మడనీ పేరు. 1915లో హొక్కైదో దీవిలోని ఎంగారు పట్టణంలో ఒక సత్రంలో ఉయెషిబా ఆయన్ని కలిశారు. ఉయెషిబా అప్పటికి మూడేళ్ళ కిందట తన ఊరివాళ్ళను వెంటబెట్టుకుని, బంజరు సాగు చేసుకోవడానికి హొక్కైదోలో షిరతాకి అనే చోటికి వలస వచ్చి ఉన్నారు. టకెడా విద్య చూసి అన్నీ పక్కనపెట్టి శిష్యుడైపోయారు. గురువును షిరతాకికి పిలిపించుకుని ఇల్లు ఇచ్చారు. 1922లో టకెడా ఆయనకు నేర్పే అర్హత ఇస్తూ పత్రం ఇచ్చారు. ఆ పత్రంతోపాటు ఒక షరతు కూడా ఉంది. కొత్తగా చేరే ప్రతి శిష్యుడి తరఫునా గురువుకు రుసుము చెల్లించాలి. ఇద్దరి మధ్యా తరువాత వచ్చిన ఎడానికి డబ్బు లెక్కలూ ఒక కారణమని చెబుతారు.

ప్రానిన్ జపాన్ వెళ్ళిన కొత్తలో ఈ సంగతి అడిగితే వచ్చే జవాబు ఒకటే తీరుగా ఉండేది. ఉయెషిబా చాలా విద్యలు నేర్చుకున్నారు, దైతో-ర్యూ అందులో ఒకటి, అంతే. అధికారిక జీవితచరిత్ర రాసింది ఉయెషిబా కుమారుడు కిస్షోమారు. అందులోనూ టకెడాకు దక్కిన చోటు తక్కువే. ప్రానిన్ ఆ మాటతో సరిపెట్టుకోలేదు. హొక్కైదోలో అబషిరి అనే పట్టణంలో టకెడా కుమారుడు టోకిమునే ఉన్నారని తెలిసి అక్కడికి వెళ్ళారు. అక్కడ ఆయనకు దొరికినవి రిజిస్టర్లు.

ఇందులో ఒక విచిత్రం ఉంది. టకెడాకు చదవడం రాయడం రాదని ఆయన్ని ఎరిగినవాళ్ళు చెప్పేవారు. అలాంటి మనిషి తన దగ్గర నేర్చుకున్న ప్రతివాడి చేతా పేరు, ఊరు, తేదీ, నేర్చుకున్న విద్య రాయించి, ముద్ర వేయించి, ఆ పుస్తకాలు జీవితాంతం వెంట మోసుకుని తిరిగారు. చెల్లించిన రుసుముకు వేరే పుస్తకం. చదువు రాని తాతయ్య అప్పు పత్రాలు ట్రంకుపెట్టెలో ఎంత భద్రంగా దాచుకుంటాడో మనం చూడలేదా! చదువుకున్నవాళ్ళు రాసిన జీవితచరిత్రల్లో మసకబారిన సంగతి, ఆ చదువులేని మనిషి రిజిస్టర్లలో స్పష్టంగా ఉంది. ఉయెషిబా పేరు అక్కడ ఉంది. ఒకసారి కాదు, వేర్వేరు తేదీల కింద మళ్ళీ మళ్ళీ ఉంది.

మిగతా విద్యలు ఉయెషిబా నేర్చుకున్నది కొద్దికాలమే అని కూడా ప్రానిన్ లెక్కలు తీసి చూపించారు. దైతో-ర్యూలో 'ఇక్కజో' అని మొదలయ్యే పట్లే ఐకిడోలో 'ఇక్క్యో' అని మొదలవుతాయి. మణికట్టు తిప్పడం, నాలుగు దిక్కులకు విసరడం, ఇవన్నీ ఆ ఇంటినుంచి ఈ ఇంటికి వచ్చినవే. టకెడా శిష్యుల ముఖాముఖీలతో 1996లో ఒక పుస్తకం తెచ్చారు. ఐకిడో పత్రిక నడుపుతూ, ఐకిడో వాళ్ళ చందాలతో బతుకుతూ, ఐకిడో పెద్దలకు ఇష్టంలేని మాట అచ్చువేయడం చిన్న సంగతి కాదు. నువ్వు మా పక్షమా, వాళ్ళ పక్షమా అని అడిగేవాళ్ళు ఎక్కడైనా ఉంటారు.

ఏకలవ్యుడి కథ మనవాళ్ళకు ఎంత దగ్గరిదో చెప్పనక్కర్లేదు. అక్కడ గురువు శిష్యుడి బొటనవేలు తీసుకున్నాడు. ఇక్కడ శిష్యుడి కీర్తి వెలుగులో గురువు పేరు కనపడకుండా పోయింది. అయితే ప్రానిన్ ఉయెషిబాను తక్కువచేయలేదు. పట్లు టకెడావి అయినా, వాటి వెనుక ఉన్న ఆలోచన వేరే చోటినుంచి వచ్చిందని ఆయన వివరించారు. 1919లో తండ్రికి జబ్బు చేసిందని హొక్కైదో విడిచి బయల్దేరిన ఉయెషిబా దారిలో అయాబె వెళ్ళి ఒమోతో మతగురువు ఒనిసబురో దెగూచిని కలిశారు. ఆ పరిచయం ఆయన్ని మార్చేసింది. ఎదుటివాణ్ణి విరిచెయ్యడానికి పుట్టిన విద్యను, వాణ్ణి గాయపరచకుండా ఆపే విద్యగా ఆయన మలిచారు. ఆ మలుపు ఉయెషిబాదే. దాన్ని ఎవరూ కాదనరు.

ఇంకో ప్రశ్న కూడా ప్రానిన్ వదల్లేదు. ఈనాడు లోకమంతా చేస్తున్న ఐకిడోకు నిజంగా పితామహుడు ఉయెషిబాయేనా? ఈ శీర్షికతోనే ఒక వ్యాసం రాశారు. యుద్ధం తరువాత ఉయెషిబా ఎక్కువగా ఉన్నది ఇవామాలో. టోక్యో కేంద్రంలో బాంబులకు ఇళ్ళు పోయిన కుటుంబాలు తలదాచుకుంటున్నాయి. కిస్షోమారు పగలు ఒక కంపెనీలో ఉద్యోగం చేస్తూ, మిగతా సమయంలో ఆ కేంద్రాన్ని నిలబెట్టారు. కోయిచి తోహెయ్ 1953లో హవాయి వెళ్ళి విదేశాల్లో నేర్పడం మొదలుపెట్టారు. తరువాతి తరం గురువులు రోజూ నేర్చుకున్నది ఈ ఇద్దరి దగ్గర. కాబట్టి పేరు ఉయెషిబాది అయినా, ప్రపంచానికి అందిన రూపం చాలావరకు వీళ్ళది అని ఆయన వాదం. ఇందులో చమత్కారం ఏమిటంటే, టకెడా విషయంలో కిస్షోమారు రాసింది చాలదని చెప్పిన ప్రానినే, కిస్షోమారుకు రావలసిన పేరు రాలేదని కూడా చెప్పారు. పక్షం ఏదని అడిగినవాళ్ళకు ఇంతకన్నా జవాబు ఏం కావాలి?

ఈ పరిశోధనంతా చేస్తూనే ఆయన విడిపోయిన శాఖలను ఒకచోట కూర్చోబెట్టే పని కూడా చేశారు. 1985లో మొదలుపెట్టి జపాన్‌లో స్నేహ ప్రదర్శనలు నడిపారు. వేర్వేరు శాఖల గురువులు ఒకే వేదిక మీద తమ విద్య చూపించారు. అమెరికా తిరిగి వెళ్ళాక లాస్ వేగాస్‌లో 2002, 2003లో, లాస్ ఏంజిలిస్‌లో 2005లో 'ఐకి ఎక్స్‌పో' పేరుతో పెద్ద సమావేశాలు జరిపారు. దైతో-ర్యూ గురువులను కూడా పిలిచారు. పత్రిక పేరు ఈలోగా 'ఐకిడో జర్నల్' అయింది. చివరికి క్యాన్సర్ సోకింది. పత్రిక, సేకరించిన సామగ్రి ముందు తరానికి అప్పగించి, 2017 మార్చి 7న, డెబ్భై ఒకటో ఏట కన్నుమూశారు.

ఇక ఆయన్నే ఎందుకు ఎంచుకున్నామో చెప్పాలి. ఈ సంచికకు మన హాస్టల్ చరిత్ర రాద్దామని కూర్చున్నప్పుడు మా దగ్గర ఉన్నది ఒక శిలాఫలకం. దాని మీద ప్రారంభించినవారి పేరు, అధ్యక్షత వహించినవారి పేరు, ముఖ్య అతిథి పేరు ఉన్నాయి. మొదటి ఏడాది చేరిన పిల్లల పేర్లు ఎక్కడా లేవు. మొదటి అడ్మిషన్ రిజిస్టరును చెదలు తినేశాయి. సొంత భవనం లేని రోజుల్లో అద్దె ఇంట్లో కట్టెల పొయ్యి మీద వంద మందికి వండిన వంటమనిషి పేరు ఒక సీనియర్ ఒకలా చెప్పారు, ఇంకో సీనియర్ ఇంకోలా చెప్పారు. ఆమె ఏ ఊరిదో ఇద్దరూ ఒకే మాట చెప్పారు. సంపాదకవర్గంలో ఇద్దరం సైకిళ్ళేసుకుని ఆ ఊరు వెళ్ళాం. ఆమె లేదు. పోయి నాలుగేళ్ళయిందని కోడలు చెప్పింది. పేరు మాత్రం రేషన్ కార్డులో చూపించింది. మా ఇద్దరు సీనియర్లు చెప్పిన రెండు పేర్లూ తప్పే.

ఆ ఇంటి గోడ మీద ఒక గ్రూపు ఫోటో ఉంది. పిల్లలందరూ నిక్కర్లలో, మధ్యలో ఆమె కుర్చీలో. ఫోటో అడిగితే కోడలు ఇవ్వనంది, ఫోనుతో తీసుకోమంది. దాన్ని ఈ సంచిక వెనుక అట్ట లోపలి పేజీలో అచ్చువేశాం. వార్డెన్ సారునూ ముందు వరుసలో ఏడుగురినీ పాత సీనియర్లు గుర్తుపట్టారు. వెనుక వరుసలో ఎడమ నుంచి నాలుగో అబ్బాయి, చేతికి కట్టు కట్టుకుని ఉన్నవాడు ఎవరో ఇంకా తెలియలేదు. తెలిసినవారు పేరు, బ్యాచ్, ఊరు రాసి హాస్టల్ చిరునామాకు పంపగలరు. సంవత్సరం కూడా గుర్తుంటే రాయండి. గుర్తులేకపోతే ఉజ్జాయింపుగా వేయవద్దు, ఖాళీగా వదిలేయండి, ఇంకొకరిని అడుగుతాం.